లైనక్స్ మూటలో ఏమేమి ఉండాలి?

లైనక్స్ అనే పేరు నేడు చాలామందికి పరిచితమే. అయితే ఆ పేరు నిజానికి ఒక చిన్న భాగానికి మాత్రమే చెందుతుంది. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించి లోకానికి అందించినది కెర్నెల్ మాత్రమే. అంటే కంప్యూటరు యంత్రానికీ, దానిపై నడిచే ప్రోగ్రాములకూ మధ్యవర్తిగా నిలిచే భాగమన్నమాట. కెర్నెల్ ఒక్కటే ఉన్న యంత్రంతో ఉత్తరం రాయలేము, పద్దు వేయలేము, కనీసం ఒక ఫైలు పేరు కూడా మార్చలేము. ఆ పనులు చేసే ఉపకరణాలలో ముఖ్యమైనవి 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక నుండి వచ్చాయి. మిగిలినవి ప్రపంచం నలుమూలలా ఉన్న వేలాది రచయితల చేతులనుండి వచ్చాయి. వీటన్నిటినీ ఏరి, కూర్చి, ఒకదానితో ఒకటి పొసిగేటట్లు చేసి ప్రజలకు అందించే సంకలనాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఆ సంకలనంలో చేరే ఒక్కొక్క ప్రోగ్రాము మూట పేరు ప్యాకేజీ.

సంకలనం అన్న తరువాత సంపాదకుడు ఉండాలి కదా. ఏ ప్రోగ్రామును చేర్చాలి, దేనిని తీసివేయాలి అన్న నిర్ణయం ఎవరిది? కొన్ని డిస్ట్రిబ్యూషన్ల వెనుక వాణిజ్య సంస్థలు ఉన్నాయి. 1993లో పుట్టిన స్లాక్‌వేర్ వంటివి ప్రధానంగా ఒక వ్యక్తి వివేచనపై నడుస్తున్నాయి. వీటన్నిటిలోకి డెబియన్ తీరు వేరు. అది స్వచ్ఛంద కార్యకర్తల సమాజం. దాని నియమాలన్నీ లిఖితరూపంలో ఉన్నాయి, వాదోపవాదాలు బహిరంగంగా జరుగుతాయి. అందువల్ల ఈ ఎంపిక ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి డెబియన్ మంచి ఉదాహరణ.

డెబియన్‌ను 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ ప్రకటించాడు. అప్పటికి అతడు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. తన స్నేహితురాలు డెబ్రా పేరునూ, తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. 1996 జూన్‌లో వెలువడిన డెబియన్ 1.1లో 474 ప్యాకేజీలు ఉన్నాయి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో వాటి సంఖ్య 69,830. వందలు వేలైన ఈ ప్రయాణంలో ప్రతి ప్యాకేజీ కొన్ని ద్వారాలు దాటి రావలసిందే.

మొదటి ద్వారం: హక్కులు

ప్రోగ్రాము ఎంత గొప్పదైనా, దాని లైసెన్సు ఏమి చెబుతున్నదన్నది మొదటి ప్రశ్న. 1997 జులైలో డెబియన్ సమాజం ఒక సామాజిక ఒప్పందాన్నీ, దానితోపాటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు కొన్ని లక్షణాలనూ ఆమోదించింది. ప్రోగ్రామును ఎవరైనా పంచిపెట్టవచ్చు, అమ్ముకోవచ్చు. దాని మూలపాఠం అందుబాటులో ఉండాలి. దానిని మార్చుకునే హక్కు ఉండాలి. వ్యక్తుల మధ్యగాని, వృత్తుల మధ్యగాని వివక్ష చూపరాదు. "విద్యాసంస్థలకు ఉచితం, వ్యాపారులకు కాదు" అనే లైసెన్సు వినడానికి ఉదారంగా తోచినా ఈ పరీక్షలో నెగ్గదు. మరుసటి సంవత్సరం "ఓపెన్ సోర్స్" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనానికి కూడా ఈ లక్షణాలే ఆధారమయ్యాయి.

ఈ నియమం కాగితానికే పరిమితం కాలేదనడానికి కె.డి.ఇ. ఉదంతమే తార్కాణం. లైనక్స్ తెరకు అందమైన, సులభమైన రూపం ఇవ్వాలని 1996లో జర్మనీలో మథియాస్ ఎట్రిష్ అనే విద్యార్థి ఆ ప్రణాళికను ప్రారంభించాడు. అది త్వరలోనే జనాదరణ పొందింది. కాని దానికి పునాది అయిన క్యూట్ అనే గ్రంథాలయం నార్వే దేశపు ట్రోల్‌టెక్ సంస్థది. దాని లైసెన్సుకూ, కె.డి.ఇ. ప్రోగ్రాముల లైసెన్సుకూ పొత్తు కుదరలేదు. రెంటినీ కలిపి పంచిపెట్టే హక్కు తమకు లేదని భావించి 1998 అక్టోబరులో డెబియన్ కె.డి.ఇ.ని తొలగించింది. వాడుకరులు నొచ్చుకున్నారు. అయినా సమాజం వెనుదీయలేదు. 2000 సెప్టెంబరులో ట్రోల్‌టెక్ క్యూట్‌ను గ్నూ సార్వజనిక లైసెన్సు కింద విడుదల చేయడంతో చిక్కు వీడింది. 2002 జులైలో వెలువడిన డెబియన్ 3.0లో కె.డి.ఇ. చేరింది. ఈలోగా అదే చిక్కును తప్పించుకోవడానికి 1997లో మొదలైన గ్నోమ్ అనే మరొక తెర వ్యవస్థ కూడా బాగా ఎదిగింది.

రెండవ ద్వారం: ఆలనాపాలనా

లైసెన్సు సరిపోయినంత మాత్రాన ప్యాకేజీ తనంతట తాను వచ్చి చేరదు. దానికి ఒక సంరక్షకుడు కావాలి. ఒక వ్యక్తిగాని బృందంగాని ముందుకు వచ్చి "దీని భారం మాది" అని ప్రకటించాలి. మూల రచయిత చేసిన మార్పులను ఎప్పటికప్పుడు తెచ్చుకోవడం, దోషాలపై వచ్చిన ఫిర్యాదులకు జవాబివ్వడం, భద్రతా లోపాలను సరిదిద్దడం ఆ సంరక్షకుని విధులు. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు భాండాగారాన్ని చూసుకునే బృందం దానిని పరిశీలించి లోనికి అనుమతిస్తుంది.

సంరక్షకుడు తప్పుకుంటే ఆ ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తారు. ఎవరైనా దత్తత తీసుకుంటే సరేసరి. లేకపోతే కొంతకాలానికి అది తొలగిపోయే ప్రమాదం ఉంది. ఆధారపడిన పునాది కూలినా అంతే. పైథాన్ 2 అనే ప్రోగ్రామింగు భాషకు దాని నిర్మాతల ఆదరణ 2020 జనవరి 1తో ముగిసింది. కొత్త పైథాన్‌కు మారలేని ప్రోగ్రాములు ఒక్కొక్కటిగా జాబితానుండి జారిపోయాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 నాటికి పైథాన్ 2 కూడా లేదు. చేర్చడం ఒకనాటి పని, నిలబెట్టుకోవడం ఏళ్ళ తరబడి చేసే పని అన్న సత్యం సంరక్షకులకు బాగా తెలుసు.

మూడవ ద్వారం: కాలపరీక్ష

లోనికి వచ్చిన ప్యాకేజీ వెంటనే జనసామాన్యానికి చేరదు. ముందు "అస్థిర" విభాగంలో ఉంటుంది. సాధారణంగా 2 నుండి 10 రోజులలోపు తీవ్రమైన కొత్త దోషాలేవీ బయటపడకపోతే "పరీక్ష" విభాగానికి వెళుతుంది. సుమారు రెండేళ్ళకొకసారి ఆ పరీక్ష విభాగంలోకి మార్పులు రాకుండా బిగించి, మిగిలిన దోషాలను సరిచేసి, "సుస్థిర" విభాగంగా విడుదల చేస్తారు. విడుదలలకు "టాయ్ స్టోరీ" చలనచిత్రంలోని పాత్రల పేర్లు పెట్టడం ఆనవాయితీ. అస్థిర విభాగం పేరు మాత్రం ఎప్పుడూ సిడ్. ఆ చిత్రంలో బొమ్మలను విరగగొట్టే కుర్రవాడి పేరు అది!

ఈ జాప్యం ఎందుకన్న ప్రశ్నకు 2024 మార్చిలో గట్టి జవాబు దొరికింది. ఫైళ్ళను కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామును చాలాకాలంగా ఒకే ఒక స్వచ్ఛంద కార్యకర్త మోస్తూ వచ్చాడు. అతనికి సాయం చేస్తున్నట్లు నటిస్తూ ఎవరో రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 అనే రూపాంతరాలలో దొంగదారిని దాచిపెట్టారు. దూరాన ఉన్న కంప్యూటరులోకి ప్రవేశించడానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పట్టడం చూసి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించాడు, కూపీ లాగాడు, మోసాన్ని బయటపెట్టాడు. ఆ రూపాంతరాలు అప్పటికే డెబియన్ అస్థిర, పరీక్ష విభాగాలకు చేరాయి. సుస్థిర విభాగానికి మాత్రం చేరలేదు. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. అలసిపోయిన ఒంటరి సంరక్షకుడు ఎంతటి బలహీన స్థానమో కూడా లోకానికి తెలిసివచ్చింది.

నాలుగవ ద్వారం: చోటు

భాండాగారంలో ఉండటం వేరు, కంప్యూటరులో మొదటిరోజే కనిపించడం వేరు. స్వదేశం నుండి తిరిగివచ్చే కుటుంబం సూటుకేసు సర్దుకునే తీరు ఇక్కడ గుర్తుకు రావాలి. ఇంట్లో అన్ని పచ్చళ్ళూ ఉన్నా, విమానం వారు అనుమతించిన బరువుకు లోబడి ఆవకాయ కావాలో గోంగూర కావాలో తేల్చుకోవలసి వస్తుంది. ఒకప్పుడు డిస్ట్రిబ్యూషన్లకు ఆ హద్దు సీడీ. దానిలో పట్టేది 650 నుండి 700 మెగాబైట్లు. డెబియన్ నుండి పుట్టి 2004లో మొదటిసారి వెలువడిన ఉబుంటు మొత్తం వ్యవస్థను ఒకే సీడీలో ఇమిడ్చింది. ఆ హద్దు కోసమూ, సామాన్యులకు సులభంగా ఉండడం కోసమూ 2010 ఏప్రిల్ విడుదలలో గింప్ అనే ప్రసిద్ధ చిత్రలేఖన ప్రోగ్రామును ముందే అమర్చినవాటినుండి తప్పించింది. 2012 అక్టోబరులో సీడీ హద్దునే విడిచిపెట్టింది.

ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడానికి డెబియన్‌కు మరికొన్ని సాధనాలున్నాయి. ప్రతి ప్యాకేజీ తనకు తప్పనిసరి అయినవాటినీ, ఉంటే మంచివాటినీ, ఉపయోగపడవచ్చునన్నవాటినీ మూడు వరుసలుగా పేర్కొంటుంది. మొదటి వరుస లేనిదే అది పనిచేయదు. రెండవ వరుస మామూలుగా వెంట వస్తుంది. మూడవది కేవలం సూచన. ఇవిగాక, ఇష్టపడిన వాడుకరుల కంప్యూటర్లనుండి ఏయే ప్యాకేజీలు వాడుతున్నారో పేర్లు లేకుండా లెక్క సేకరిస్తారు. డిస్కులలో ప్యాకేజీలను వరుసగా పేర్చేటప్పుడు ఆ లెక్క ఉపయోగపడుతుంది.

ఆదర్శానికీ, అవసరానికీ మధ్య

నియమాలు ఎంత గట్టివైనా కాలం కొన్నిసార్లు వాటిని ప్రశ్నిస్తుంది. వైర్‌లెస్ వంటి పరికరాలు పనిచేయాలంటే తయారీదారులిచ్చే ఫర్మ్‌వేర్ అవసరం. దాని మూలపాఠం తరచుగా లభ్యం కాదు. అది లేక కొత్త వాడుకరి ఇంటర్నెట్‌కే చేరలేకపోతే, స్వేచ్ఛ ఎవరికి ఉపయోగం? ఉంటే, సామాజిక ఒప్పందానికి విలువేమిటి? ఈ ధర్మసంకటంపై 2022లో సభ్యులు ఓటు వేశారు. స్థాపక డిస్కులో అటువంటి ఫర్మ్‌వేర్‌ను చేర్చడానికి వీలుగా ఒప్పందాన్నే సవరించి, దానికి వేరే విభాగం కేటాయించారు. డెబియన్ 12 నుండి అది అమలులో ఉంది. చేర్చిన సంగతిని దాచకుండా, విడిగా పేరుపెట్టి చూపడం ఇందులోని విశేషం.

తెలుగు ప్యాకేజీలు

ఈ ఎంపికలో తెలుగుకు ఉన్న స్థానం ఏమిటి? జనాదరణ లెక్క ఒక్కటే ప్రమాణమైతే తెలుగు ఫాంట్లు జాబితాలో ఎంతో వెనుకబడేవి. కాని డెబియన్ ద్వారాలలో "ఎందరు వాడుతున్నారు" అన్న ప్రశ్నకంటే "హక్కులు ఉన్నాయా, చూసుకునేవారున్నారా" అన్న ప్రశ్నలు ముందు వస్తాయి. అందువల్లనే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా ఉన్నాయి. సిలికానాంధ్ర పంపిణీకి తెచ్చిన ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు మొదలైన ఫాంట్లు "తెలుగు విజయం" పేరుతో మరొక ప్యాకేజీగా ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు అని వాటి లైసెన్సులు స్పష్టంగా చెప్పినందువల్లనే అది సాధ్యమైంది. ఎంత ముచ్చటైన తెలుగు ఫాంటయినా "సొంతానికి మాత్రమే ఉచితం" అన్న షరతు ఉంటే మొదటి ద్వారం దగ్గరే ఆగిపోతుంది.

తెలుగులో కంప్యూటరు వ్యవస్థను అందించాలని హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ కృషి చేసింది. పెద్ద సంకలనంలో పదార్థం ఉంటేనే ఇటువంటి చిన్న సంకలనాలకు ముడిసరుకు దొరుకుతుంది.

అయితే రెండవ ద్వారం ఎన్నటికీ మూసుకోదు. తెలుగు ప్యాకేజీని చూసుకునే ఒకరిద్దరు అలసి తప్పుకుంటే, ఆ స్థానంలోకి రాగలవారు ఎవరు? తమిళులో, జర్మన్లో, జపనీయులో వచ్చి ప్యాకేజీని నిలబెట్టవచ్చు. కాని ఒత్తు సరైన చోట పడిందా, అనువాదం తెలుగులా ఉందా అన్నది చెప్పగలవారు తెలుగువారే. ప్రవాస కుటుంబాలలో ఈ వృత్తిలో ఉన్నవారికి కొదవ లేదు, ప్రోగ్రామింగు నేర్చుకుంటున్న పిల్లలకూ కొదవ లేదు. ఒక దోషాన్ని తెలియజేయడం, నాలుగు వాక్యాలు అనువదించడం, తాము తయారుచేసిన తెలుగు సాధనానికి స్పష్టమైన స్వేచ్ఛా లైసెన్సు జతచేయడం, వీలైతే ఒక ప్యాకేజీ భారం స్వీకరించడం ఏ దేశంలో ఉన్నా చేయగలిగిన పనులే. మూటలో ఏముండాలన్నది చివరకు మూట మోయడానికి వచ్చినవారే నిర్ణయిస్తారు.