రేకుల కోళ్ల షెడ్లకు పరావర్తక ఉష్ణబంధకం – ఎంపికలో గమనించవలసిన అంశాలు

వేసవి మధ్యాహ్నం ఇనుప రేకుల కప్పు గల షెడ్డులో కోళ్లకు వేడి రెండు విధాలుగా చేరుతుంది. ఒకటి చుట్టూ ఉన్న గాలి ద్వారా. రెండవది కాగిన కప్పు నుండి నేరుగా వాటిపై పడే వికిరణం ద్వారా. కోళ్లకు స్వేద గ్రంథులు లేనందున అవి ప్రధానంగా నోరు తెరచి వగర్చడం ద్వారానే శరీర తాపాన్ని తగ్గించుకుంటాయి. ఉభయ గోదావరి జిల్లాల వంటి తేమ అధికంగా ఉండే ప్రాంతాలలో ఈ ప్రక్రియ కూడా మందగిస్తుంది. కావున కప్పు వికిరణాన్ని తగ్గించడం గుడ్ల ఉత్పత్తికే గాక వడదెబ్బ మరణాల నివారణకూ అవసరం. ఇందుకు ఉపయోగపడే అల్యూమినియం పొరలను మందం, మెరుపు చూసి మాత్రమే ఎంచుకోవడం సరికాదు. వాటి పనితీరు చాలావరకు అమర్చే విధానంపై ఆధారపడి ఉంటుంది.

పనిచేసే విధానం

ఒక తలం వేడిని వికిరణ రూపంలో వెలువరించే స్వభావాన్ని ఉద్గారత అంటారు. రంగు పూత గల రేకు ఉద్గారత సుమారు 0.9 కాగా, శుభ్రమైన అల్యూమినియం పొరది సుమారు 0.05. కప్పు 65 డిగ్రీల సెల్సియస్, దిగువ పరిసరాలు 35 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, రంగు రేకు నుండి చదరపు మీటరుకు సుమారు 200 వాట్ల నికర వికిరణం దిగువకు చేరుతుంది. అదే ఉష్ణోగ్రత గల అల్యూమినియం తలం నుండి వచ్చేది 11 లేక 12 వాట్లు మాత్రమే.

అయితే మెరిసే తలం ఎదుట గాలి ఖాళీ ఉన్నప్పుడే ఈ గుణం ఫలిస్తుంది. ఆ తలం రేకుకు అంటుకొని ఉంటే వేడి వహనం ద్వారా దాటిపోతుంది. కనుక రేకుకూ పొరకూ నడుమ కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఒకవైపు మాత్రమే మెరుపు గల పొరనైతే ఆ వైపు నేలకు అభిముఖంగా ఉంచడం మేలు. పైకి చూసే తలంపై దుమ్ము పేరుకొని ఉద్గారత పెరుగుతుంది.

ఎంపిక

• బుడగల పొర, ఫోమ్ పొర: ఇవి సాధారణంగా కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉంటాయి, వాటంతట అవి ఇచ్చే నిరోధం స్వల్పం. ప్రకటించిన ఉష్ణనిరోధ విలువలో గాలి ఖాళీని కలిపి లెక్కించారా అన్నది విచారించాలి.

• రక్షణ పూత: తేమతో కూడిన లిట్టరు నుండి వెలువడే అమ్మోనియా అల్యూమినియాన్ని దెబ్బతీయగలదు. పూత గల పొర మన్నుతుంది గాని, పూత మందమైతే ఉద్గారత పెరుగుతుంది. పూతతో సహా కొలిచిన విలువనే పరిగణించాలి.

• భద్రత: పాలిథిలిన్ ఫోమ్ మండే స్వభావం గలది, అల్యూమినియం విద్యుద్వాహకం. విద్యుత్ తీగలను గొట్టాలలో అమర్చి, పొరకు దూరంగా ఉంచాలి.

• సున్నం: తడి సున్నం అల్యూమినియాన్ని తినివేస్తుంది. షెడ్డు లోపల సున్నం వేసేటప్పుడు పొరపై పడకుండా చూడాలి.

పరిమితులు

కప్పు పైభాగాన తెల్లని పూత వేస్తే సూర్యరశ్మిలో అధిక భాగం రేకును వేడెక్కించకముందే తిరిగిపోతుంది. తక్కువ ఖర్చు గల ఈ పనిని ముందుగా చేపట్టి, ఆపై లోపలి పొర గురించి ఆలోచించడం ఉచితం. పొర గాలిని చల్లబరచదు. పక్కలు తెరచి ఉన్న షెడ్డులో గాలి ప్రసరణకు అది ప్రత్యామ్నాయం కాదు. కూలింగ్ ప్యాడ్లు అమర్చిన మూసిన షెడ్లలో వహనం ద్వారా వచ్చే వేడిని కూడా ఆపవలసి ఉన్నందున మందమైన ఉష్ణబంధకం అవసరమవుతుంది.

ఫలితాన్ని కొలవడం

పరారుణ ఉష్ణమాపకాన్ని నేరుగా అల్యూమినియంపై గురిపెడితే, తక్కువ ఉద్గారత కారణంగా అది పొర ఉష్ణోగ్రతకు బదులు చాలావరకు పరిసరాల ఉష్ణోగ్రతనే చూపుతుంది. పొర చల్లగా ఉందన్న భ్రమ దీనివల్ల కలుగుతుంది. పొరపై నల్లని టేపు ముక్క అంటించి దానిపై కొలవాలి. కోళ్లు ఉండే ఎత్తులో నల్లగోళ ఉష్ణమాపకాన్ని ఉంచి, పొర ఉన్న, లేని భాగాలను ఒకే సమయంలో పోల్చడం మరింత విశ్వసనీయం. రైతుకు సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పోలికను స్థానికంగా ఒక మధ్యాహ్నమైనా నమోదు చేసుకోవడం అభిలషణీయం.