సూర్యుడున్నను బ్యాటరీ నిండదేల?

గ్రామములో సౌరదీపము వెలిగిన మొదటి రాత్రి పండుగవలె నుండును. కొన్ని నెలలు గడచిన పిదప ఆ దీపమే రాత్రి ఎనిమిది గంటలకు ఆరిపోవుట మొదలిడును. "బ్యాటరీ పోయినది" అని ఒకరందురు. "సోలారు మనకు పనికిరాదు" అని మరియొకరందురు. పంచాయతీ సమావేశములో క్రొత్త బ్యాటరీలు కొనుటకు తీర్మానము సిద్ధమగును. ఆ తీర్మానముపై చేవ్రాలు చేయుటకు ముందు సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఇచట వివరింపదలచినాము.

మల్లాపూర్‌లో మేము చూచినది

మల్లాపూర్ హైదరాబాదునకు తూర్పు దిక్కున, నాచారమునకు చేరువ నున్నది. ఒకప్పుడిది ఉప్పల్ ప్రాంతపు గ్రామము. తరువాత కాప్రా పురపాలక సంఘములో చేరి, 2007లో ఆ సంఘముతో పాటు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. పొలములున్న చోట కార్ఖానాలును, చిన్న వర్క్‌షాపులును వెలసినవి. అచటి బ్యాటరీల మరమ్మతు దుకాణము నొకదానిని మేము దర్శించినపుడు, విద్యుత్తు లైను చేరని ఒక గూడెము నుండి తెచ్చిన బ్యాటరీ అచట నున్నది. గూడెపు సమావేశ మందిరములో సాయంకాలము పిల్లలు చదువుకొనుటకు ఆ దీపములే ఆధారము. బ్యాటరీ చెడినదని నిశ్చయించి, పాతదానిని అమ్మి క్రొత్తది కొనుటకు పంచాయతీవారు వచ్చినారు.

మేస్త్రి మీటరు పెట్టి చూడగా 11.6 వోల్టులున్నది. అతడు దానిని వెంటనే త్రోసివేయలేదు. ఒక పగలును ఒక రాత్రియు నెమ్మదిగా చార్జి చేసి, కొన్ని గంటలు విడిగా నుంచి, మరల చూడగా 12.6 వోల్టులు నిలిచినది. దీపములు తగిలించినను పడిపోలేదు. "బ్యాటరీకి జబ్బు లేదు, దీనికి తిండి లేదు" అని అతడు చెప్పిన మాట మాకు జ్ఞాపకమున్నది. లోపము గూడెములో నున్నది. దానిని వెదకుటెట్లో చూతము.

మొదట జమా ఖర్చులు

పంచాయతీ లెక్కలవలెనే బ్యాటరీకిని జమా ఖర్చులు కలవు. ఆ మందిరముపై 100 వాట్ల ప్యానెళ్లు రెండు గలవు. మన ప్రాంతములో రోజుకు సుమారు 5 గంటల పూర్తి ఎండ లెక్కకు వచ్చును. 200 వాట్లను 5 గంటలతో గుణింపగా 1,000 వాట్ గంటలు. వేడివలనను, దుమ్మువలనను, వైర్లలోను, బ్యాటరీలోను పోవునది తీసివేసినచో 700 వరకు చేతికందును. 9 వాట్ల దీపములు ఆరు, రాత్రికి 6 గంటలు వెలిగినచో ఖర్చు 324. ఇంతవరకు లెక్క సరిపోయినది. తరువాత ఎవరో 30 వాట్ల ఫ్యాన్లు రెండు బిగించి రాత్రి 8 గంటలు నడపిరి. ఖర్చు మరి 480 పెరిగి, మొత్తము 804 అయినది. ఆదాయమునకు మించి వ్యయము చేయు ఖజానా ఎన్నడును నిండదు. శ్రావణ భాద్రపదములలో మబ్బు పట్టినప్పుడు జమ ఇంకను తగ్గును. కావున క్రొత్త సామాను తగిలించుటకు ముందు ఈ లెక్క వేయుట పంచాయతీ విధి.

ప్యానెలు

ప్యానెలులోని చిన్న పలకలన్నియు ఒకదానివెంట ఒకటి కలుపబడి యుండును. కాలువకు ఒకచోట అడ్డుకట్ట పడినచో దిగువ మళ్లన్నిటికి నీరు తగ్గునట్లు, ఒక మూల వేపకొమ్మ నీడ పడినను మొత్తము ప్రవాహము తగ్గును. మన అక్షాంశములో ప్యానెలు దక్షిణమునకు తిరిగి, సుమారు 17 డిగ్రీల వాలున నుండుట మంచిది. దుమ్మును ఉదయము చల్లని వేళ మంచినీటితో, మెత్తని గుడ్డతో కడుగవలెను. మిట్టమధ్యాహ్నము కాలుచున్న గాజుపై చన్నీళ్లు పోయరాదు.

"12 వోల్టుల" ప్యానెలును విడదీసి ఎండలో కొలిచినచో 18 నుండి 22 వోల్టుల వరకు కనబడవలెను. అయితే ఈ అంకెను చూచి మోసపోరాదు. దుమ్ము, నీడ ఉన్నను వోల్టులు దాదాపు నిండుగనే కనబడును, తగ్గునది కరెంటు. కావున ఆంపియర్లను గూడ కొలిపించవలెను.

కంట్రోలరు, వైర్లు

ప్యానెలు నుండి బ్యాటరీకి పోవు విద్యుత్తును అదుపు చేయు పెట్టె కంట్రోలరు. ఎండ కాయుచుండగా మూడు చోట్ల కొలువవలెను: ప్యానెలు వైర్లు చేరుచోట, కంట్రోలరు నుండి బ్యాటరీకి బయలుదేరుచోట, బ్యాటరీ కొమ్ములపైన. నిండని బ్యాటరీకి సాధారణ రకపు కంట్రోలరు విద్యుత్తు నిచ్చుచున్నచో మొదటి అంకె బ్యాటరీ వోల్టుల దగ్గరకు దిగి యుండును. అది 20 వద్దనే నిలిచి, బ్యాటరీ వోల్టులు పెరుగనిచో, ఫ్యూజు పోయినదో, స్క్రూ వదులైనదో, కంట్రోలరు చెడినదో యని గ్రహింపవలెను.

రెండవ, మూడవ అంకెలకు నడుమ తేడా యున్నచో దోషము వైరుది. గూడెములో జరిగినదిదియే. కంట్రోలరు గోడపై నొక మూల, బ్యాటరీ 10 మీటర్ల దూరమున మరియొక మూల నున్నవి. నడుమ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దానిలో 10 ఆంపియర్లు పారినప్పుడు, రాకపోకలకు కలిపి, సుమారు 1.4 వోల్టులు దారిలోనే పోవును. కంట్రోలరు 14.4 వోల్టులు పంపినను బ్యాటరీకి చేరునది 13 మాత్రమే. పెట్టె "నిండినది" అనును. బ్యాటరీ ఆకలితో నుండును. కంట్రోలరును బ్యాటరీకి ఒక మీటరు దూరమునకు తెచ్చి, 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసినచో పోవునది వోల్టులో పదవ వంతైనను ఉండదు. ఈ మార్పునకు అగు ఖర్చు క్రొత్త బ్యాటరీ వెలలో స్వల్పభాగము.

బ్యాటరీ

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. సగము నిండిన స్థితిలోనే చాలకాలముంచినచో దాని పలకలపై గట్టి సల్ఫేటు పేరుకొని, క్రమముగా అది నిజముగనే పాడగును. అందుచేత ఆలస్యము తగదు. కొన్ని గంటలు విశ్రాంతినిచ్చి కొలిచినచో 12.6 లేక 12.7 వోల్టులు నిండుతనమును, 12.2 సగమును, 11.8 ఖాళీని తెలుపును. మూతలున్న బ్యాటరీలో హైడ్రోమీటరుతో ఆరు గదులను వేర్వేరుగ చూడవలెను. అయిదు గదులు ఒకవిధముగ నుండి, ఒకటి మాత్రము మిక్కిలి తగ్గినచో, లేక నిండుగ చార్జి చేసినను చిన్న దీపమునకే కొన్ని నిమిషములలో 11 వోల్టులకు దిగువ పడిపోయినచో, అప్పుడు క్రొత్తది కొనుట న్యాయము. లిథియం బ్యాటరీలకు ఈ అంకెలు వర్తింపవు. వానికి కంట్రోలరు అమరిక వేరు.

గదులలో డిస్టిల్డ్ వాటరు తప్ప బావినీరు పోయరాదు. కొమ్ములపై చేరిన తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో తుడిచి, నట్లు బిగించి, వాజలీను పూయవలెను. చార్జి అగునప్పుడు మండు వాయువు వెలువడును; బీడీ, దీపము దగ్గరకు తేరాదు, గదికి గాలి యాడవలెను. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు లేక ఆమ్లమును ముట్టరాదు. కలుపునప్పుడు కంట్రోలరునకు ముందు బ్యాటరీని, తరువాత ప్యానెలును; విప్పునప్పుడు ముందు ప్యానెలును, తరువాత బ్యాటరీని.

పంచాయతీ చేయదగినది

ఒక నోటుపుస్తకమును, ఒక మీటరును, బాధ్యత వహించు ఒక వ్యక్తిని ఏర్పరచుడు. వారమునకొకసారి ఉదయము, ఎండ రాకముందు, బ్యాటరీ వోల్టులు వ్రాయించుడు. అంకెలు వారము వారము దిగుచున్నచో దీపము ఆరకముందే సంగతి తెలియును. కొనుగోలు ఒప్పందములో మరమ్మతు గడువును స్పష్టముగ వ్రాయించుకొనుడు.

నిజముగ చెడిన బ్యాటరీని ఊరి పొలిమేరలో సీసము కరగించువారికి అమ్మరాదు. ఆ పొగయు, ఆ ఆమ్లమును పిల్లల ఆరోగ్యమునకు, నేలకు, నీటికి హాని చేయును. 2022నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారుచేసినవారిది. అమ్మినవారికే తిరిగి యిచ్చి రసీదు పొందుడు.

ఆ గూడెమున కొమ్మ కొట్టించి, వైరు మార్చి, ఫ్యాన్ల వేళ తగ్గించి, పాత బ్యాటరీనే మరల బిగించినారు. దీపములు రాత్రి పది గంటల వరకు వెలుగుచున్నవని తరువాత తెలిసినది. పంచాయతీ ధనము ప్రజల ధనము. దానిని వ్యయము చేయుటకు ముందు ఒక పూట మీటరు పట్టి చూచుట సభ్యుల కర్తవ్యము.