సముద్రం మీద సిల్లావాళ్లు: అపోహలు – వాస్తవాలు

కొరియన్ డ్రామాలు మన ఇళ్లలోకి వచ్చాక అక్కడి రాజులు, రాణులు, కత్తివీరులు మనకు బాగానే పరిచయమయ్యారు. దాదాపు పన్నెండు వందల ఏళ్ల కిందట చైనా తీరంలో కాపురాలు పెట్టి, చైనా, కొరియా, జపాన్‌ల మధ్య సరుకు నడిపిన కొరియన్ల సంగతి మాత్రం అంతగా తెలియదు. తెలిసిన కాస్తలోనూ కల్పన పాలే ఎక్కువ.

అపోహ: కొరియా మొదట్నుంచీ తలుపులు బిగించుకుని కూర్చున్న దేశం.

ఈ ముద్ర వేసినవాళ్లలో ముఖ్యుడు విలియం గ్రిఫిస్ అనే అమెరికన్. 1882లో అచ్చయిన తన పుస్తకానికి ఆయన కొరియాను లోకంతో పొత్తులేని సన్యాసి దేశంగా చూపే పేరు పెట్టాడు. అది చొసన్ రాజ్యపు చివరి రోజుల్ని చూసి అన్న మాట. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే, 752లో, కొరియాను ఏలుతున్న సిల్లా రాజ్యం నుంచి 7 ఓడల్లో 700 మంది బృందం జపాన్‌లో దిగింది. వాళ్ల దగ్గర ఏమేం కొనాలనుకుంటున్నారో నారా నగరపు పెద్దలు రాసిచ్చిన జాబితాలు కొన్ని నేటికీ ఉన్నాయి. అగరు, లవంగాలు, అద్దాలు, రంగులు, మందు దినుసులు అందులో కనిపిస్తాయి. లవంగం కొరియాలో పండదు, ఆగ్నేయాసియా దీవుల నుంచి రావాల్సిందే. ఆ కాగితాలు బతికిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. అవసరం తీరాక ఎవరో వాటిని చిత్తుకాగితాలుగా తీసుకుని మడత తెర వెనక అతికించారు.

అపోహ: చైనాకు వెళ్లిన సిల్లావాళ్లంతా సంపన్న వర్తకులే.

దీనికి జవాబు ఒక జపాన్ బౌద్ధ భిక్షువు దినచర్యలో దొరుకుతుంది. ఆయన పేరు ఎన్నిన్. 838లో రాయబార బృందంతో తాంగ్ చైనాకు వచ్చి 847 దాకా అక్కడే ఉన్నాడు. రోజూ చూసింది చూసినట్టు రాసుకున్నాడు. 839 వసంతంలో బృందం తిరుగుముఖం పట్టింది. ఆయనకేమో ఇంకా చదువుకోవాలని ఉంది, అనుమతేమో లేదు. ఇద్దరు శిష్యుల్ని, ఒక సేవకుణ్ణి వెంటబెట్టుకుని, ఒక నిర్జన తీరంలో ఓడ దిగిపోయాడు.

కాసేపటికి పది మందికి పైగా మనుషులతో ఒక పడవ వచ్చింది. తాము సిల్లావాళ్లమనీ, బొగ్గులు చూజౌకు తీసుకెళ్తున్నామనీ వాళ్లు చెప్పారు. ఎన్నిన్ తానూ సిల్లా భిక్షువునేనని బొంకాడు. దగ్గర్లోని ఊరికి దారి చూపించారు. ఆ ఊళ్లోనూ సిల్లా కుటుంబాలే ఉన్నాయి. నాలుగు మాటలు వినగానే వాళ్లకు అర్థమైపోయింది, ఈ భాష తమదీ కాదు, చైనావాళ్లదీ కాదని. గుట్టు రట్టయింది, కబురు అధికారులకు చేరింది, భిక్షువుల్ని మళ్లీ ఓడెక్కించారు.

బొగ్గుల పడవవాళ్లు, ఓడ నడిపేవాళ్లు, దుబాసీలు, భిక్షువులు, పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్లు. దినచర్యలో తగిలే సిల్లావాళ్లు చాలామంది ఇలాంటి వాళ్లే. జపాన్ రాయబారులు కూడా తమ ఓడలు వదిలేసి, చూజౌలో 9 సిల్లా ఓడలు, సముద్రం తెలిసిన 60 మందికి పైగా సిల్లా నావికుల్ని కుదుర్చుకుని ఇంటికి బయలుదేరారు. వర్తకం వీళ్ల చేతుల మీదుగా నడిచింది. చరిత్ర పుస్తకాలు ఈ సంగతి ఒక వాక్యంలో తేల్చేయడం అన్యాయమే.

అపోహ: సిల్లా పేటల్లో చైనా చట్టం చెల్లేది కాదు.

చూజౌ, లియాన్‌షూయి పట్టణాల్లో సిల్లా పేటలు ఉండేవి. షాన్‌డాంగ్ తీరంలోని వెన్‌డెంగ్ ప్రాంతంలో సిల్లావాళ్ల వ్యవహారాలు చూడడానికి ప్రత్యేక కార్యాలయం ఉండేది. దాని పెద్ద చాంగ్ యొంగ్ సిల్లా మనిషే, కానీ తాంగ్ సైన్యంలో ఉద్యోగి. పెత్తనం తమవాళ్లదే అయినా పైవాడు చైనా అధికారే. ఎన్నిన్ చివరికి ఎలాగో వెనక ఉండిపోయి వెన్‌డెంగ్ దగ్గరి ఎర్రకొండ మీద సిల్లావాళ్ల ఆలయంలో తలదాచుకున్నప్పుడు, పరదేశులు దిగితే వెంటనే ఎందుకు తెలియజేయలేదని స్థానిక అధికారులు సంజాయిషీ అడిగారు. 845లో వూజోంగ్ చక్రవర్తి బౌద్ధం మీద విరుచుకుపడినప్పుడు, చూజౌలోని సిల్లా దుబాసీ ఎంత పాటుపడినా ఎన్నిన్‌ను అక్కడ నిలుపుకోలేకపోయాడు. సిల్లావాళ్లదని ఎర్రకొండ ఆలయాన్నీ వదల్లేదు, కూల్చేశారు.

కూల్చక ముందు అక్కడి సందడి ఎన్నిన్ రాతల్లోనే చూడాలి. చలికాలమంతా సద్ధర్మ పుండరీక సూత్రం మీద ప్రవచనాలు సాగాయి. చివరి రెండు రోజులూ 200కు పైగా జనం వచ్చారు, ఎన్నిన్ బృందం తప్ప అంతా సిల్లావాళ్లే. ఆలయ మాన్యం మీద ఏటా 500 సొక్‌ల (అప్పటి కొలత) ధాన్యం వచ్చేది.

అపోహ: అంతా చాంగ్ పోగో ఒక్కడి ఘనత.

‘సముద్ర చక్రవర్తి’ అంటూ టీవీ సీరియల్ కూడా తీసిన వీరుడు ఈయనే. ఎర్రకొండ ఆలయం కట్టించింది కూడా ఆయనే. పుట్టుక గొప్పది కాదు. చైనా వెళ్లి షూజౌ సైన్యంలో చిన్న అధికారి అయ్యాడు. సిల్లా మనుషుల్ని దొంగలు ఎత్తుకొచ్చి చైనాలో బానిసలుగా అమ్మడం చూసి, స్వదేశం తిరిగి వచ్చి రాజుకు మొరపెట్టుకున్నాడు. 828లో రాజు 10,000 మందిని ఇచ్చి వాండో దీవిలో చొంగ్‌హేజిన్ స్థావరం పెట్టించాడు. 1959లో పెద్ద తుపాను వచ్చి వాండో పక్కనున్న చిన్న దీవి ఒడ్డున బురదలో కూరుకుపోయిన దుంగల వరసను బయటపెట్టింది. తర్వాతి తవ్వకాల్లో చైనా యుయె పింగాణీ పెంకులూ దొరికాయి.

ఇదంతా నిజమే. అయితే సిల్లా బానిసల అమ్మకం ఆపించాలని 821లోనే షాన్‌డాంగ్ ప్రాంత సేనాధిపతి షుయె పింగ్ తాంగ్ దర్బారుకు రాశాడు. తీరంలో ఓడలు, దుబాసీలు, పేటలు అప్పటికే అల్లుకుని ఉన్నాయి. చాంగ్ పోగో వాటికి సైన్యబలం తోడుచేశాడు, అదే అతని గొప్ప.

అతణ్ణి ముంచింది సముద్రం కాదు, సింహాసనం. 839లో తన అండతో ఒక రాకుమారుణ్ణి గద్దెనెక్కించాడు. తర్వాతి రాజు చాంగ్ పోగో కూతుర్ని పెళ్లాడబోతే, దీవి మనిషి బిడ్డ రాణి ఏమిటని కులీనులు అడ్డుపడ్డారు. చివరికి యొమ్ చాంగ్ అనే వాడు నమ్మించి దగ్గర చేరి చంపేశాడు. కొరియా చరిత్ర గ్రంథం 846 అంటుంది, జపాన్ రికార్డు 841 అంటుంది. సంఘటనకు దగ్గరలో రాసింది కనుక జపాన్ మాటే నమ్మదగ్గది.

అపోహ: అతనితోనే సముద్ర వ్యాపారం ముగిసింది.

చొంగ్‌హేజిన్‌ను 851లో రద్దు చేసి అక్కడివాళ్లను లోతట్టు ప్రాంతానికి తరలించారు. ఓడలు మాత్రం ఆగలేదు. చాంగ్ పోగో పోయాక, 847లో ఎన్నిన్ ఇల్లు చేరింది సిల్లా ఓడ మీదే. 918లో కొర్యో రాజ్యం స్థాపించిన వాంగ్ కొన్ సముద్ర వ్యాపారంలో ఎదిగిన కుటుంబం వాడు. ఆ రాజ్యపు రేవుకు 1024లో వంద మంది దాకా అరబ్బు వర్తకులు వచ్చారు.

వీరుల కథలు ఎవరైనా రాస్తారు. బొగ్గుల పడవవాళ్ల మాటలు రాసిపెట్టుకున్నవాడు ఎన్నిన్. ఎడ్విన్ రైషవర్ ఇంగ్లిష్ అనువాదం 1955 నుంచీ అందుబాటులో ఉంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు సీరియల్ కంటే ముందు అది చదవండి. చేయి తిరిగిన అనువాదకులెవరైనా దాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకోవాలి.