ఎర్ర సముద్రంలో ఎండను పట్టే జీవి

జెడ్డా కార్నిష్‌కి వెళ్ళినప్పుడల్లా మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "నీళ్ళు నీలంగా ఉన్నాయి కదా, ఎర్ర సముద్రం అంటారేం?"

1823లో ఎరెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సినాయ్ తీరంలోని తూర్ దగ్గర సముద్రం ఎర్రబారడం చూశారు. కారణం ఒక బాక్టీరియా. 1830లో దానికి ట్రైకోడెస్మియం అని పేరు పెట్టారు. ఇది గుంపులుగా తేలితే నీటిమీద రంపపు పొట్టు చల్లినట్లుంటుంది. సముద్రానికి ఆ పేరు దీనివల్లే వచ్చిందని కొందరి అభిప్రాయం.

ఈ బాక్టీరియా మొక్కల్లాగే ఎండతో ఆహారం తయారుచేసుకుంటుంది. అదెలాగో తెలియాలంటే మన నాగార్జునసాగర్‌ని తలుచుకోండి.

ముందుగా దీనిలోని ఎర్రని, పచ్చని రంగు పదార్థాలు వెలుగును పట్టి పత్రహరితానికి అందిస్తాయి. ఆ శక్తికి పత్రహరితం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీ నింపడానికి కణం నీటిని విడగొట్టి ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. మిగిలిన ఆక్సిజన్ బయటికి పోతుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ చేతులు మారుతూ పోతుంటే, ఆ శక్తితో ప్రోటాన్లు ఒక పల్చని పొరకు ఒకవైపు చేరతాయి. డ్యామ్ నిండిందన్నమాట!

అవి తిరిగి రావడానికి దారి ఒక చిన్న యంత్రంలోంచే. ప్రోటాన్లు వస్తుంటే అది టర్బైన్‌లా నిజంగానే తిరుగుతుంది! అక్కడ కరెంటు పుడితే, ఇక్కడ ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. ఆ ఏటీపీలోని శక్తితో, ఎలక్ట్రాన్లను మోసే మరో పదార్థం సాయంతో, కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఎండ చక్కెరలో దాగిందన్నమాట.

సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది ఇలాంటి బాక్టీరియాల వల్లే. మన బాల్కనీలో తులసి ఆకులోని హరితరేణువులు కూడా వీటి వంశమే.

మా అమ్మాయి ఇదంతా ఇంగ్లీషులో గడగడా చెప్పింది. ఫోనులో అమ్మమ్మకి చెప్పమంటే మాత్రం ఆగిపోయింది. "ఫోటోసింథసిస్‌ని తెలుగులో ఏమంటారు?" అని మమ్మల్ని అడిగింది. కిరణజన్య సంయోగక్రియ. పలకడానికి కష్టమేగానీ, విడదీస్తే ఎంత తేలికో చూడండి: కిరణాల వల్ల పుట్టే కలయిక. రెండోసారి ఫోనులో అమ్మమ్మకి అంతా అర్థమైంది. "అయితే మన తులసమ్మకి చుట్టాలు సముద్రంలో కూడా ఉన్నారన్నమాట!" అని నవ్వారు.

పిల్లలూ, ఈ వారం మీరూ మీ తాతయ్యకో నానమ్మకో ఈ కథ తెలుగులో చెప్పండి. వాళ్ళేమన్నారో వచ్చే క్లాసులో మాకు చెప్పాలి సుమా!