కామెర్లు, కొళాయి, టీకా

గత వర్షాకాలంలో మా అమ్మాయి ఏడవ నెల గర్భంతో పుట్టింటికి వచ్చింది. పుదుచ్చేరిలోని నటేశన్ నగర్‌లో మేము నివసించే వీధిలో అదే వారం ఒక కళాశాల విద్యార్థికి పచ్చకామెర్లు సోకినట్లు తెలిసింది. ఇరుగుపొరుగు తమిళ సోదరీమణులు నేల ఉసిరిని, వారి మాటలో కీళానెల్లిని, మజ్జిగలో నూరి అందరూ త్రాగితే మంచిదని సలహా ఇచ్చారు. మా అమ్మాయిని పరీక్షించిన వైద్యురాలు మాత్రం ఒకే ప్రశ్న అడిగారు: "మీ ఇంటికి త్రాగునీరు ఏ దారిన వస్తుంది?" ముప్పై సంవత్సరాలుగా గొట్టాలు, పంపులు, వాల్వుల మధ్య ఉద్యోగం చేస్తున్న నాకు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. ఆ వెలితిని పూరించుకొనే ప్రయత్నంలో నేను తెలుసుకొన్న విషయాలను పాఠక మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఐదుగురిలో ఒకరు

కాలేయానికి వాపు కలిగించే హెపటైటిస్ వైరస్‌లు ప్రధానంగా ఐదు: ఎ, బి, సి, డి, ఇ. బి, సి, డి ప్రధానంగా రక్తం ద్వారా, శరీర ద్రవాల ద్వారా సోకుతాయి. ఎ, ఇ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తాయి. ఈ ఐదింటిలో జంతువుల నుండి మనిషికి సంక్రమించగలదిగా రుజువైనది హెపటైటిస్-ఇ. సాధారణంగా కొన్ని వారాలలో తగ్గిపోయే వ్యాధే అయినా, గర్భిణుల విషయంలో ఇది దారుణంగా పరిణమించవచ్చు. చివరి మూడు నెలలలో సోకితే నూటికి ఇరవై, ఇరవై ఐదుగురి వరకు ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. వైద్యురాలి ప్రశ్న వెనుక ఉన్న ఆందోళన నాకు అప్పుడు బోధపడింది.

ఈ వ్యాధి చరిత్రలో మన దేశానికి ప్రత్యేక స్థానం ఉన్నది. 1955–56లో యమునా నది వరదల అనంతరం మురుగునీరు ఢిల్లీ నగర నీటి సరఫరాలో కలిసింది. సుమారు 29 వేల మందికి కామెర్లు సోకాయి. అధికారులు క్లోరిన్ మోతాదు పెంచగా టైఫాయిడ్ వంటి బాక్టీరియా వ్యాధులు ప్రబలలేదు గాని, ఈ వైరస్ మాత్రం ఆ కాపలాను దాటివచ్చింది. అప్పట్లో దీనిని హెపటైటిస్-ఎ అని భావించారు. దాచి ఉంచిన రక్త నమూనాలను తదుపరి కాలంలో పరీక్షించగా అది వేరొక వైరస్ అని తేలింది. 1983లో సోవియట్ శాస్త్రవేత్త మిఖయీల్ బాలయాన్ రోగుల మలం నుండి తీసిన ద్రవాన్ని తానే సేవించి, వ్యాధిగ్రస్తుడై, తన నమూనాలోనే ఆ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించాడు. విజ్ఞానం కోసం మానవుడు ఎంతటి సాహసానికి ఒడిగట్టగలడో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పశువుల పాకలో దాగిన శత్రువు

మనుషులలో ఈ వైరస్‌కు ముఖ్యంగా నాలుగు జన్యురకాలు ఉన్నాయి. మొదటి రెండు మనుషులకే పరిమితం. మురుగునీటి ద్వారా వ్యాపిస్తాయి. మూడవ, నాల్గవ రకాలు పందులు, అడవిపందులు, జింకలలో ఉంటాయి. 1997లో అమెరికాలో పందులలో ఈ వైరస్‌ను కనుగొన్నారు. 2003లో జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్నవారికి వ్యాధి రాగా, మిగిలిన మాంసంలోనూ, రోగులలోనూ ఒకే వైరస్ కనిపించింది. 2018లో హాంకాంగ్‌లో ఎలుకలకు చెందిన హెపటైటిస్-ఇ వైరస్ మనిషికి సోకిన సంఘటన మొదటిసారి వెలుగులోకి వచ్చింది. మన దేశపు పందులలో నాల్గవ రకం ఉన్నా, ఇక్కడి రోగులలో ప్రధానంగా కనిపించేది మొదటి రకమే. అనగా మనకు ముఖ్య శత్రువు పాకలో కంటె మురుగు కాలువలోనే ఉన్నాడు.

టీకా ఎలా తయారైంది?

ఈ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచడం చాలా కష్టం. కనుక పాత పద్ధతిలో వైరస్‌ను పెంచి, చంపి టీకా చేయడం సాధ్యపడలేదు. శాస్త్రవేత్తలు వేరొక ఉపాయం పన్నారు. వైరస్ పైతొడుగులోని ఒక ప్రొటీన్ ముక్కకు సంబంధించిన జన్యువును మరొక జీవకణంలో చేర్చి, ఆ కణం చేతనే ప్రొటీన్‌ను తయారు చేయించారు. ఫ్యాక్టరీ మనది, డ్రాయింగు వైరస్‌ది అన్నమాట. ఆ తొడుగును చూసిన శరీరం, అసలు శత్రువు వచ్చినపుడు గుర్తుపట్టి ఎదుర్కొంటుంది.

ఈ విధానం తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇదే సూత్రంతో, ఈస్టు కణాలను ఉపయోగించి, హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దిగుమతి టీకా సామాన్యునికి అందని రోజులలో దాని ధర అనేక రెట్లు తగ్గింది. ఆ సంస్థను స్థాపించిన శ్రీ కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్వయంగా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కావడం మన వృత్తివారికి గర్వకారణం.

హెపటైటిస్-ఇ విషయంలో, నేపాల్ సైనికులపై జరిపిన ప్రయోగంలో ఒక టీకా మూడు మోతాదుల తరువాత 95 శాతానికి పైగా రక్షణ ఇచ్చినట్లు 2007లో ప్రకటించారు. కాని అది మార్కెట్టుకు రాలేదు. చైనాలో బాక్టీరియా కణాలలో తయారైన మరొక టీకాను లక్షకు పైగా పెద్దలపై పరీక్షించి, 2011లో అనుమతించారు. నాలుగున్నర సంవత్సరాల తరువాత కూడా దాని రక్షణ సుమారు 87 శాతంగా నమోదైంది. ఆ ప్రాంతంలో తిరిగేది ప్రధానంగా పందుల నుండి వచ్చే నాల్గవ రకమే. నాలుగు రకాలూ రోగనిరోధక శక్తి దృష్టిలో దాదాపు ఒకటే కనుక, ఒకే టీకా జంతువుల దారికీ, మురుగునీటి దారికీ అడ్డుకట్ట కాగలదని ఆశ. 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిర్వాసితుల శిబిరంలో వ్యాధి ప్రబలినపుడు గర్భిణులతో సహా వేలమందికి దీనిని ఇచ్చారు.

వాల్వు ఉన్నది కదా అని...

అయినప్పటికీ ఒక సత్యాన్ని మరువరాదు. మశూచిని భూమి మీద నుండి తుడిచివేయగలిగాము. దానికి జంతువులలో ఆశ్రయం లేదు. హెపటైటిస్-ఇకి ఉన్నది. ఎంతమందికి టీకా వేసినా పందుల పాకలలో, అడవులలో వైరస్ మిగిలే ఉంటుంది. పైగా మన పిల్లల టీకాల పట్టికలో హెపటైటిస్-బి ఉన్నది గాని, ఇ లేదు. బాయిలరుకు సేఫ్టీ వాల్వు ఉన్నదని ప్రెషరును గమనించడం మానివేయము కదా! టీకా కూడా సేఫ్టీ వాల్వు వంటిదే.

2005లో హైదరాబాదులో ఈ వ్యాధి ప్రబలినపుడు జరిపిన పరిశోధనలో, మురుగు కాలువలను దాటుతూ వచ్చే గొట్టాల ద్వారా నీరు పొందే పేటలలోనే వ్యాధి అధికంగా ఉన్నట్లు తేలింది. సరఫరా ఆగినపుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది. సన్నని పగులు గుండా బయటి మురుగు లోనికి చేరుతుంది. ఏ ఇంజనీరుకైనా తెలిసిన సూత్రమే ఇది.

ఈ వివరం చదివిన మరునాడు నేను మా గేటు ముందు త్రవ్వించి చూశాను. మా ఇంటి కనెక్షను గొట్టం, పదిహేను సంవత్సరాల క్రితం నేనే దగ్గరుండి వేయించినది, వీధి కాలువ అడుగు నుండే వస్తున్నది. జాయింటు వద్ద తుప్పు పట్టి చెమ్మ కారుతున్నది. ఇతరులను తప్పుపట్టడానికి నాకు అవకాశమే లేకపోయింది. వారం తిరగకుండా కాలువకు పైగా, దూరంగా కొత్త గొట్టం వేయించాను. ప్రసవమయ్యే వరకు మా శ్రీమతి ప్రతి బిందెడు నీటినీ తెర్లేలా కాచి చల్లార్చింది. ఇప్పుడు మా మనుమరాలు ఆరోగ్యంగా పాకుతున్నది.

సోదర ఉద్యోగులకూ, వారి కుటుంబ సభ్యులకూ నా మనవి ఇదే. మీ కనెక్షను గొట్టం ఎటునుండి వస్తుందో ఒకసారి చూడండి. ఇంట్లో గర్భిణి ఉంటే నీటిని కాచి ఇవ్వండి. పంది మాంసం, ముఖ్యంగా కాలేయం, లోపలి వరకు బాగా ఉడికించండి. కామెర్లు కనిపిస్తే పసరు మందుతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించండి. టీకా మన గడపకు వచ్చిన నాడు తప్పక వేయించుకొందాము. అంతవరకు కాపలా మనదే.