వ్రేలికొసల చదువు

రేడియో పెట్టిన తోడనే చెవులు మూసికొని మూలకు పరుగెత్తు బిడ్డ కొన్ని యిండ్లలో నుండును. పాట మధురమైనదే, ధ్వనియు హెచ్చుగా లేదు. అయినను బిడ్డ బెదరిపోవును. పెద్దలు దానిని పెంకితన మందురు. వేరొక బిడ్డ పిలిచినను తల త్రిప్పడు. గోడ గరుకును తడవుచు గడియల తరబడి నిలుచును. వానిని మందమతి యందురు. ధ్వనినే జీవనముగా గైకొన్న మాకు, చెవి మూసికొను బిడ్డను గూర్చియు నాలుగు మాటలు చెప్పుట విధి యని తోచినది.

చూపు, వినికిడి, స్పర్శ పుట్టుకతో వచ్చినవే. కాని చూచిన దానిని పోల్చుకొనుట, విన్న దానిని వేరుపరచుట అభ్యాసమున అలవడును. పెక్కుమంది పిల్లలకు ఈ అభ్యాసము ఆటపాటలలో తెలియకుండనే జరిగిపోవును. కొందరికి మాత్రము మెట్టు మెట్టుగా నేర్పవలసి యుండును. దీనినే ఇంద్రియ శిక్షణ మందురు.

ఈ విద్యకు త్రోవ చూపినవారిలో ఫ్రెంచి వైద్యుడు ఇటార్ ముఖ్యుడు. 1800లో ఆ దేశపు అవేరాన్ ప్రాంతమున, అడవిలో నొంటిగా పెరిగినట్లు తోచు బాలుడొకడు దొరకెను. మాట రాదు, పిలిచిన పలుకడు. ఇటార్ వానికి విక్టర్ అని పేరిడి, సుమారు ఐదేండ్లు శ్రమించెను. కన్నులకు గంతలు కట్టి, గంట మ్రోత యేదో డోలు మ్రోత యేదో పోల్చుకొన నేర్పెను. విక్టరుకు మాటలాడుట రాలేదు. కాని వ్రాసిన మాటలు కొన్నిటిని చూచి, ఆయా వస్తువులను తెచ్చి యిచ్చువాడు. నోరు మూతపడినంత మాత్రమున బుద్ధికి ద్వారములన్నియు మూతపడవని అప్పుడు తెలిసెను.

ఇటార్ అడుగుజాడలలో సెగ్వాన్ నడచెను. అమెరికాకు వలసపోయి, 1866లో తన పద్ధతిని గ్రంథముగా వెలువరించెను. ఇటలీ దేశపు వైద్యురాలు మారియా మాంటిసోరి వీరిరువురి రచనలను స్వహస్తముతో ఎత్తి వ్రాసికొని చదివినది. ఆమె మొదట బోధించినది బుద్ధిమాంద్యము గల పిల్లలకే. 1907లో రోము నగరమున నెలకొల్పిన శిశుగృహమునందు అదే పద్ధతిని తక్కిన పిల్లలకును అన్వయించెను. 1939లో ఆమె మదరాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యొసగెను.

ఈ పద్ధతిలోని కీలకము చిన్నది: ఒక వేళ ఒక్క గుణమునే చూపవలెను. ఆమె గోపురమున పది ఘనములు కలవు. అన్నిటికి రంగొక్కటే, రూపమొక్కటే. పరిమాణము మాత్రమే ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు మారును. పేరు నేర్పుటకు మూడు మెట్లు. మొదట, “ఇది గరుకు, ఇది నునుపు” అని తాకించి చెప్పవలెను. పిదప, “గరుకు ఏది?” అని యడుగవలెను. కడపట, “ఇది యేమి?” అనవలెను. మాట రాని బిడ్డయు రెండవ మెట్టున వ్రేలితో చూపి, తనకు తెలిసినదని తెలుపగలడు. మనమో, తొలుతనే మూడవ ప్రశ్న వేసి, జవాబు రాలేదని నిరాశ చెందుచుందుము.

ఇది మనకు పూర్తిగా క్రొత్త కాదు. అక్షరాభ్యాసమునాడు పళ్లెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దింతుము. వీధిబడులలో ఇసుకపై ఓనమాలు దిద్దించెడివారు. కంటికంటె ముందుగా వ్రేలు అక్షరమును నేర్చుకొనెడిది.

ఇంటిలోనే చేయదగినవి యెన్నియో కలవు. పెసలు, కందులు కలిపి వేరుచేయించుట. గిన్నెలను పెద్దది మొదలు చిన్నదాని వరకు పేర్పించుట. కన్నులు మూయించి యాలకులను, ఇంగువను వాసనచే పోల్పించుట. గింజలను నోటిలోను ముక్కులోను పెట్టుకొను పిల్లలుందురు గనుక పెద్దలు ప్రక్కనే యుండవలెను. వీనివలన లోపము మాయమగునని మేము చెప్పము. చొక్కా బొత్తాము పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట వంటి నిత్యకృత్యములతో ముడిపడినప్పుడే యీ శిక్షణకు ఫలము.

మరి రెండు హెచ్చరికలు. పిలిచిన పలుకని బిడ్డకు ముందుగా వినికిడి, చూపు పరీక్ష చేయింపవలెను. చెవి లోపమును బుద్ధి లోపముగా ఎంచిన యెడల విలువైన యేండ్లు వృథా యగును. ఇక ధ్వనికి బెదరు బిడ్డను బలవంతముగా కూర్చుండబెట్టరాదు. ఆటిజము గల పిల్లలలో పలువురికి మనకు సామాన్యమైన మ్రోతయే భరింపరానిదిగా నుండును. అది పెంకితనము కాదు, బాధ.

1984లో సికిందరాబాదున స్థాపితమైన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లలకై కృషి చేయుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము నిర్ణీత స్థాయి వైకల్యము గల బాలబాలికలకు ఆరవ యేడు మొదలు పదునెనిమిదవ యేటి వరకు ఉచిత విద్యను హక్కుగా నొసగినది. కావున బిడ్డను అతిథుల కంటబడకుండ లోపలి గదిలో నుంచుట తగదు.

నేటి సాయంకాలము మీ యింట రేడియో పలుకునప్పుడు ఏ బిడ్డయైన చెవులు మూసికొనినచో, దయచేసి మా గొంతును కొంచెము తగ్గింపుడు. మాకు చిన్నతనము లేదు. ఆ బిడ్డ మరల దగ్గరకు వచ్చి కూర్చుండిన చాలును.