కొత్త సంవత్సరం, రాయవలసిన నవల

మా బెల్లంపల్లిలో సంవత్సరం ఒకే రోజున మొదలు కాదు. గోడ క్యాలెండర్లకు జనవరి 1. ఇరుగుపొరుగు హిందూ సోదరులకు ఉగాది. సింగరేణి బొగ్గు లెక్కలు మార్చి 31న ముగిసి, మరునాటినుంచి కొత్త లక్ష్యం అమలవుతుంది. హిజ్రీ సంవత్సరానికి ముహర్రం తొలి నెల. మదరసాలో పాఠాల సంవత్సరమైతే షవ్వాల్‌లో మొదలై షాబాన్‌తో ముగుస్తుంది. కనుక సంకల్పాలు చెప్పుకోవడానికి ఈ ఊళ్లో శుభదినాలకు కొదవ లేదు. వాయిదా వేసుకోవడానికీ అంతే.

ఈ జనవరి మొదటి వారంలో ఒక పూర్వ విద్యార్థి మమ్మల్ని చూడవచ్చాడు. చిన్ననాట తెల్లవారుజామున మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొని, పగలు తెలుగు మాధ్యమం సర్కారు బడికి వెళ్లినవాడు. ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నాడు. పత్రికల్లో నాలుగైదు కథలు వచ్చాయి. గని కార్మికుల జీవితంపై నవల రాయాలని అతని చిరకాల కోరిక. జేబులోంచి మడత కాగితం తీసి మా ముందు పెట్టాడు. కొత్త సంవత్సరపు లక్ష్యాలట.

పదకొండు అంశాలున్నాయి. రోజుకు వెయ్యి పదాలు రాయడం. డిసెంబరు నాటికి నవల పూర్తి చేయడం. నెలకు నాలుగు పుస్తకాలు చదవడం. ఫజ్ర్ తర్వాత నడక. చక్కెర వ్యాధి పరీక్ష. చేబదులు తీర్చివేయడం. పిల్లలతో రోజుకొక గంట. రాత్రి ఫోను ముట్టకపోవడం. ఇలా సాగింది. అన్నీ మంచివే. కాగితం అంచులు మాత్రం మాసి ఉన్నాయి.

“ఇది ఈ ఏటిదేనా బేటా?” అని అడిగాం.

సిగ్గుపడ్డాడు. “మూడేళ్ల కిందటిది హజ్రత్. పైన సంవత్సరం మాత్రం దిద్దుకుంటున్నా.”

నవల పేరెత్తితే మదరసాల్లో ముఖం చిట్లించే రోజుల్లో మేము చదువుకున్నాం. అయినా ఉర్దూలో తొలి నవలగా పేరొందిన ‘మిర్ఆతుల్ ఉరూస్’ను 1869లో వెలువరించిన డిప్యూటీ నజీర్ అహ్మద్ ఖుర్ఆన్‌ను ఉర్దూలోకి అనువదించిన పండితుడే. ఆ నవలను తన కుమార్తెలు చదువుకోవడానికే మొదలుపెట్టారు. కొంత కొంత రాసి ఇస్తుంటే వారు చదివి తరువాయి భాగం కోసం ఎదురుచూసేవారట. తర్వాతి కాలంలో ఆయన మన హైదరాబాద్ సంస్థానంలోనూ కొలువు చేశారు. కనుక మా విద్యార్థి కోరికలో మాకు తప్పేమీ తోచలేదు. తోచిన తప్పల్లా ‘రోజుకు వెయ్యి పదాలు’ అన్న అంకెలోనే.

హిఫ్జ్ చేసే బాలునికి ప్రతిదినం మూడు పనులుంటాయి. సబఖ్, అంటే ఆనాటి కొత్త పాఠం. సబ్ఖీ, అంటే గత కొద్ది రోజుల పాఠాల అప్పగింత. మంజిల్, అంటే వెనుకటి భాగమంతా వంతులవారీగా తిరగవేయడం. కొత్త పాఠం కొందరికి అర పేజీ, కొందరికి మూడే పంక్తులు. మొదటి రోజు ఉత్సాహంతో రెండు పేజీలు అప్పగించిన పిల్లవాడు వారం తిరగకముందే కడుపునొప్పి అంటాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం, ఆ కడుపునొప్పి మాకు కొత్త కాదు. నవలాకారునికీ ఈ మూడు పనులే ఉండాలని మా అభిప్రాయం. ఈనాటి పుట, నిన్నటి పుటల దిద్దుబాటు, అప్పుడప్పుడు మొదటినుంచీ ఒక చదువు. రోజుకు 250 పదాల వంతున 300 రోజులు రాస్తే 75,000 పదాలవుతాయి. పండుగలకు, జ్వరాలకు, పెళ్లిళ్లకు 65 రోజులు ఇంకా చేతిలో మిగులుతాయి.

ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ (1815–1882) తపాలా శాఖ ఉద్యోగి. వేకువన అయిదున్నరకే బల్ల ముందు కూర్చొని, గడియారం ఎదురుగా పెట్టుకొని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసి, తర్వాతనే కచేరీకి వెళ్లేవాడు. తనను లేపి కాఫీ ఇచ్చే నౌకరుకు ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ముట్టజెప్పేవాడు. ఆ విధంగా 47 నవలలు పూర్తి చేశాడు. మా విద్యార్థికి ఇది చెబితే, “లేపడానికి నౌకరు లేడు గాని, మా ఇంటి ముందే మొదటి షిఫ్టు వాళ్ల బండ్లు మొదలవుతాయి హజ్రత్” అని నవ్వాడు.

అయితే అంకెల లక్ష్యం ఒకటి, ఆయుష్షు పట్టే లక్ష్యం మరొకటి. రెండవదానికి మన తెలంగాణలోనే గొప్ప ఉదాహరణ ఉంది.

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ ప్రాంతపు పేద కుటుంబంలో పుట్టారు. ఇతరుల ఇళ్లలో వంటపని చేస్తూ, హోటల్లో సర్వరుగా ఉంటూ చదువు సంపాదించుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు అచ్చువేశారు, ఇంటింటికీ మోసుకెళ్లి అమ్మారు. ఏళ్ల తరబడి జైలులో ఉన్నారు. ఆ అనుభవాలే ‘జైలు లోపల’ కథలయ్యాయి. తెలంగాణ ప్రజల జీవితాన్నీ పోరాటాన్నీ దశలవారీగా నవలల్లో చెప్పాలన్నది ఆయన ప్రణాళిక. 1955లో ‘ప్రజల మనిషి’ వెలువడింది. దొరల గడీలు, వెట్టి, గ్రంథాలయోద్యమం, మతమార్పిడుల వివాదం అన్నీ అందులో ఉన్నాయి. తరువాయి కాలాన్ని ‘గంగు’లో చెప్పబూనారు. అది పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. సగంలో నిలిచిన ‘గంగు’ మరణానంతరం అచ్చయింది.

ఆ బాధ్యతను నెత్తికెత్తుకున్నవారు దాశరథి రంగాచార్య. వరంగల్ ప్రాంతపు చిన్నగూడూరులో 1928లో జన్మించి, సాయుధ పోరాటంలో పాల్గొని, తర్వాత సికింద్రాబాద్ పురపాలక సంస్థలో ఉద్యోగం చేస్తూ రచన సాగించారు. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలతో ఆళ్వారుస్వామి తలపెట్టిన కార్యాన్ని ముందుకు తీసుకుపోయారు. ఉర్దూ కలిసిన తెలంగాణ పలుకుబడిని పాత్రల నోట నిస్సంకోచంగా పలికించారు. అదే చేతితో నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చారు. 2015లో మరణించేనాటికి ఆయన వయసు 86.

ఒకరికి 45, మరొకరికి 86. ఇద్దరి సంకల్పం ఒకటే. ఆళ్వారుస్వామి కాగితంమీద ఉన్న పని రంగాచార్య చేతుల్లోకి ఎందుకు వెళ్లగలిగింది? ఆయన దాన్ని జేబులో దాచుకోలేదు గనుక. మొదటి నవల రాశారు, రెండవది సగం రాశారు, తర్వాతివాడు ఎక్కడినుంచి అందుకోవాలో కనబడింది. మొదలే పెట్టని నవలను ఎంతటి శిష్యుడైనా ఎక్కడ అందుకుంటాడు?

లక్ష్యం మార్చుకోవడం ఓటమి కాదన్న మాటా ఇక్కడ చెప్పాలి. ఈజిప్టు నవలాకారుడు నజీబ్ మహ్ఫూజ్ యౌవనంలో ఫిరౌనుల చరిత్రను వరుస నవలలుగా రాయ సంకల్పించాడు. మూడు రాసిన తర్వాత ఆపి, తాను పుట్టి పెరిగిన కైరో వీధుల వైపు తిరిగాడు. ఆ మలుపు తర్వాతనే ‘బైనల్ కస్రైన్’తో మొదలయ్యే మూడు నవలల మహారచన వచ్చింది. సర్కారు కొలువులో పదవీ విరమణ దాకా ఉంటూనే రాశాడు. (ఆయన మరో నవలపై అజ్‌హర్ పండితులకు తీవ్ర అభ్యంతరాలున్నాయి. ఆ చర్చకు ఇది చోటు కాదు.)

ఇక మా సంగతి. ఇతరుల కాగితాలు పరీక్షించేవాడు తన కాగితమూ చూపాలి కదా. మాకు తొలి పాఠం చెప్పిన ఉస్తాద్ జీవితాన్ని రాయాలని మేము ఇరవై ఏళ్లు అనుకున్నాం. కార్మికవాడలో పిల్లలకు మొదట చదువు చెప్పిన తీరు, రాత్రి షిఫ్టు దిగి మసి ముఖాలతో వచ్చి అక్షరాలు దిద్దిన పెద్దవాళ్లు, వీళ్ల కోసం తన ఇంటి ముందర చాప పరిచి ఇచ్చిన ఒక గని కార్మికుడు, అన్నీ ఆయనకు పేర్లతో సహా గుర్తుండేవి. ప్రతి షవ్వాల్‌లో కొత్త నోటుపుస్తకం కొనేవాళ్లం. పదకొండు పుటలు రాశాం. ఉస్తాద్ వెళ్లిపోయారు. ఆ చాప పరిచినవాని పేరు పుస్తకంలో లేదు. ‘పేరు కనుక్కోవాలి’ అని పక్కన మా చేతిరాతే ఉంది. ఎవరినడిగినా ఇప్పుడు తెలియదంటున్నారు.

ఇదంతా చెప్పి, మా విద్యార్థి కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాం. పదకొండింటిలో అతని తండ్రి ఊసే లేదు. ఆ పెద్దమనిషి ఇరవై ఎనిమిదేళ్లు భూగర్భ గనిలో తట్టా చెమ్మసూ పట్టినవాడు. ఇప్పుడు దమ్ముతో మంచం దిగలేకున్నాడు. నవలకు కావలసినదంతా ఆయన వద్దనే ఉంది.

“వీటిలో వచ్చే ఏటికి ఆగేవి ఏవి బేటా?” అన్నాం.

చాలాసేపు చూశాడు. మా కలం అడిగి తీసుకొని, నెలకు నాలుగు పుస్తకాలు కొట్టివేశాడు. వెయ్యి పదాలను 250 చేశాడు. ‘డిసెంబరు నాటికి’ కొట్టివేశాడు. చక్కెర పరీక్ష ఉంచాడు. అన్నిటికంటే పైన, సంవత్సరం దిద్ది దిద్ది నల్లబడిన చోటు పక్కన, ‘అసర్ తర్వాత అబ్బా దగ్గర’ అని రాసుకున్నాడు.

మూడు వారాలకు జుమా నమాజు ముగిసిన తర్వాత మస్జిదు మెట్ల వద్ద కలిశాడు. పద్నాలుగు పుటలయ్యాయట. తండ్రికి చదివి వినిపిస్తే మొదటి పుటలోనే ఆపించారట. కొడుకు ఏమి రాశాడంటే, కార్మికుడు గనిలోకి దిగుతూ భయపడ్డాడని.

“భయం లోపల ఉండదురా, దిగినవానికి పని ఉంటది. వేళగాని వేళ సైరన్ మోగినప్పుడు మీ అమ్మ వాకిట్లకొచ్చి నిలబడేది చూడు, అది రాయి” అన్నారట.

మొదటి పుట మళ్లీ రాస్తున్నానన్నాడు.